వెంట్ లేని గ్యాస్ లాగ్స్: మూడు చలికాలాలు వాడాక నా రివ్యూ

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో ఉన్నవాళ్లకి ఆ వారం ఎలా గడిచిందో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. డాలస్‌లో 16వ తేదీన ఫారెన్‌హీట్‌లో మైనస్ 2 నమోదైంది, మన లెక్కలో మైనస్ 19 దాకా. మేం ఉండేది డాలస్ పక్కనే ఉన్న ప్లేనోలో. కరెంటు పోయింది, కాసేపు వచ్చింది, మళ్లీ పోయింది. మా ఇంట్లో హీటింగ్ గ్యాస్‌దే, గ్యాస్ కూడా వస్తోంది, అయినా ఇల్లు చల్లబడిపోతోంది, ఎందుకంటే ఆ ఫర్నేస్‌లో గాలిని తోసే ఫ్యాన్‌కీ, దాని బోర్డుకీ కరెంటు కావాలి. ఆ సంగతి మాకు ఆ రాత్రే అర్థమైంది. రెండో రోజు పొద్దునకి హాల్లో ఫారెన్‌హీట్‌లో 41 డిగ్రీలు, మన లెక్కలో 5. పాపకి మూడేళ్లు అప్పుడు. రెండు స్వెటర్లు, పైన జాకెట్, దాని మీద రజాయి వేసినా చేతులు చల్లగానే ఉన్నాయి. ఆ వారమే హ్యూస్టన్ వైపు గరాజ్‌లో కారు ఆన్ చేసి కూర్చున్నవాళ్లు, ఇంట్లో బొగ్గుల గ్రిల్ వెలిగించుకున్నవాళ్లు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు బారిన పడ్డారని, కొందరు చనిపోయారని వార్తలు విన్నాం. చలికి తట్టుకోలేక చేసిన పని అది, వాళ్లని తప్పు పట్టడానికి నాకు మనసు రాలేదు.

అందుకే కరెంటు లేకపోయినా వెలిగే హీటర్ ఒకటి ఇంట్లో ఉండాలని 2022లో ఈ వెంట్-ఫ్రీ గ్యాస్ లాగ్స్ కొన్నాం. 24 అంగుళాల సెట్, నేచురల్ గ్యాస్‌ది, గంటకు 32,000 బీటీయూ (బీటీయూ అంటే వేడిని కొలిచే యూనిట్). కంపెనీ పేరు రాయడం లేదు. ఎందుకంటే నాకు ఎదురైన ఇబ్బంది సెట్‌ది కాదు, పెట్టిన తీరుది.

ముందు ఇదేమిటో చెబుతాను, ఎందుకంటే షాపులో నాకు కూడా ఎవరూ సరిగ్గా చెప్పలేదు. గ్యాస్ లాగ్స్ రెండు రకాలు. చూడ్డానికి రెండూ ఒకటే, సిరామిక్‌తో చేసిన కట్టెల్లాంటి దుంగలు, కింద బర్నర్. వెంటెడ్ రకానికి పొగగొట్టం తెరిచే ఉండాలి, డాంపర్ (గొట్టాన్ని మూసే రేకు తలుపు) పూర్తిగా మూసుకోకుండా దానికి ఒక క్లాంప్ బిగిస్తారు. మంట అందంగా పసుపు రంగులో పైకి లేస్తుంది, వేడి చాలావరకు గొట్టంలోంచి పైకి పోతుంది. వెంట్-ఫ్రీ రకం డాంపర్ మూసేసి కూడా వాడేలా తయారు చేసింది. డబ్బా మీద 99 శాతం ఎఫిషియన్సీ అని రాసి ఉంటుంది, అది అబద్ధం కాదు. కాకపోతే ఆ మాటకి అర్థం ఏమిటంటే వేడి ఎంత మనకే మిగులుతుందో, కాలగా వచ్చిన గాలి కూడా అంతా మన గదిలోనే మిగులుతుంది. తేమ, కార్బన్ డయాక్సైడ్, కాస్త నైట్రోజన్ డయాక్సైడ్, మంట సరిగ్గా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్, అన్నీ మనం పీల్చే గాలిలోకే వస్తాయి. ఇది అర్థమయ్యాక మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఇంకోమాట, పాత ఇల్లు కొన్నవాళ్లు అందులో అప్పటికే ఉన్న లాగ్స్ ఏ రకమో లేబుల్ చూడకుండా వెలిగించకండి. వెంటెడ్ లాగ్స్‌ని వెంట్-ఫ్రీ అనుకుని డాంపర్ మూసేస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

మా ఇల్లు 1994లో కట్టింది. కట్టెలు కాల్చే ఫైర్‌ప్లేస్, లోపల కట్టెలు అంటించడానికి గ్యాస్ పైపు కూడా ఉంది. పైపు ఉంది కదా, తగిలిస్తే సరిపోతుంది అనుకున్నాం. ఎవరో చెబితే ఇళ్లలో చిన్న చిన్న రిపేర్లు చేసే హ్యాండీమ్యాన్‌ని ఒకతన్ని పిలిచాం. శనివారం పొద్దున వచ్చాడు, రెండు గంటల్లో పెట్టేసి, వెలిగించి చూపించి, డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. పర్మిట్ గురించి మేం అడగలేదు, అతను చెప్పలేదు. టెక్సస్‌లో గ్యాస్ పైపు పని లైసెన్స్ ఉన్న ప్లంబర్ చేయాలని నాకు తర్వాత తెలిసింది.

మొదటి వారం బ్రహ్మాండంగా ఉంది. చూడముచ్చటగా మంట, పది నిమిషాల్లో హాలంతా వెచ్చన. రెండో వారం నుంచి సాయంత్రం రెండు గంటలు వేస్తే నాకు తలనొప్పి మొదలయ్యేది. ఆఫీసు టెన్షన్ అనుకున్నాను. పాప కూడా "అమ్మా, కళ్లు మండుతున్నాయి" అంది. ఒకరోజు ఫైర్‌ప్లేస్ పైన తెల్ల గోడ తుడుస్తుంటే గుడ్డకి నల్లగా అంటింది, కాటుకలా మెత్తగా. దీపం మీద పళ్లెం బోర్లించి కాటుక పట్టడం మన ఇళ్లలో చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది, మంట దేనికో తగిలి పూర్తిగా కాలడం లేదని. కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం మౌనంగానే ఉంది, డిస్‌ప్లేలో 0.

ఆ రోజే వాల్వ్ కట్టేసి, లైసెన్స్ ఉన్న ప్లంబర్‌ని పిలిపించాం. పెద్దాయన, నెమ్మదిగా పని చేసే మనిషి. ముందు లాగ్స్ వెలిగించమని, కిటికీలు మూయించి, అరగంట కూర్చుని తన మీటర్ చూశాడు. 26 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 26 పాళ్లు కార్బన్ మోనాక్సైడ్. మా అలారం డిస్‌ప్లే అప్పుడు కూడా 0 అనే చూపిస్తోంది. పాడైందా అని అడిగితే, లేదు, ఇది ఇంతే అన్నాడు. మామూలు అలారాలు 70 పీపీఎం దగ్గర మోగడానికి గంట నుంచి నాలుగు గంటలు పడుతుంది, 30 లోపు అంకె చాలావాటిలో కనిపించను కూడా కనిపించదు. అంటే అలారం ఉన్నది మనిషి కూలిపోకుండా కాపాడడానికి, రోజూ కొద్దికొద్దిగా పీల్చేది చెప్పడానికి కాదు. గర్భిణులు, పసిపిల్లలు, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఆ కొద్దికొద్దీ లెక్కలోకి వస్తుంది. అప్పుడే తక్కువ స్థాయిని కూడా చూపించే మీటర్ ఒకటి విడిగా కొన్నాం. మామూలు అలారం పడకగదుల దగ్గర ఒకటి, కింద ఒకటి ఎలాగూ ఉండాలి, ఇది వాటికి అదనం.

తప్పు ఎక్కడ జరిగిందో ఆయన మోకాళ్ల మీద కూర్చుని నాకు టార్చ్ వేసి చూపించాడు. ముందు వైపు దుంగ, అది ఉండాల్సిన పిన్ మీద కాకుండా ఒక అంగుళం లోపలికి జరిపి ఉంది, మంటలు సరిగ్గా దాని పొట్టకి తగులుతున్నాయి. తగిలిన చోట దుంగ కింద దట్టంగా మసి. పైగా డబ్బాలో వచ్చిన నిప్పుకణికల్లా కనిపించే, దూదిలాంటి కాలని పీచుని అందం కోసం అతను బర్నర్ రంధ్రాల మీదే పరిచేశాడు. వెంట్-ఫ్రీ సెట్లో ఒక్కో దుంగకి ఒక్కో చోటు ఉంటుంది, బొమ్మలకొలువులా మనకి నచ్చినట్టు సర్దుకోవడానికి లేదు. వెంటెడ్ వాటిలో మసి పట్టినా గొట్టంలో పోతుంది, ఇక్కడ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అదనంగా రాళ్లు, పైన్ కాయలు, ఇంకో దుంగ, ఏదీ కలపకూడదు. మాన్యువల్లో బొమ్మ వేసి మరీ చెప్పారు, మేం ఆ పేజీ తిప్పలేదు.

తర్వాత పైపు. సబ్బు నీళ్లు బ్రష్‌తో ప్రతి జాయింటుకీ పూశాడు. వాల్వ్ దగ్గర ఒకచోట చిన్న బుడగ లేచింది, పగిలింది, మళ్లీ లేచింది. ఆ బుడగ చూసినప్పుడు నా ఒళ్లు జలదరించింది. రోజూ ఆ పక్కనే పాప బొమ్మలు ఆడుకుంటోంది. మాకు వాసన రాలేదు, లీకు అంత చిన్నది. గ్యాస్‌కి ఆ కుళ్లు వాసన సహజంగా ఉండదు, కలుపుతారు. 1937 మార్చి 18న ఈ టెక్సస్‌లోనే న్యూ లండన్ అనే ఊళ్లో, స్కూలు కింద వాసన లేని గ్యాస్ లీకై పేలి దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే గ్యాస్‌లో వాసన కలపాలని చట్టం వచ్చింది. వాసన గట్టిగా వస్తే లైటు స్విచ్ కూడా ముట్టుకోకుండా అందరూ బయటికి వెళ్లి, బయట నుంచే గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి మాత్రం ఏ వాసనా ఉండదు, ముక్కుని నమ్ముకుని లాభం లేదు.

పాత జాయింటు విప్పి కొత్తగా బిగించాడు, సెట్‌కి ముందు చేతికి అందేలా షటాఫ్ వాల్వ్ పెట్టాడు, పైపులో వచ్చే చెత్త, తడి కిందికి దిగిపోయేలా T ఆకారంలో ఉండే చిన్న పైపు ముక్క పెట్టాడు. గ్యాస్ ప్రెషర్ కొలిచాడు. ఫైర్‌ప్లేస్ లోపలి రేకు మీదున్న లేబుల్ చదివి, దీనిలో వెంట్-ఫ్రీ సెట్ పెట్టొచ్చని ఖాయం చేసుకున్నాకే పని మొదలుపెట్టాడు. ఇది ముఖ్యం, అన్ని ఫైర్‌ప్లేస్‌లకీ ఆ అనుమతి ఉండదు, ముఖ్యంగా రేకుతో తయారై వచ్చే రకాలకి. పైన చెక్క మాంటెల్ (ఫైర్‌ప్లేస్ మీదుండే చెక్క అర) ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి, మాన్యువల్లో అంకెతో పోల్చి, వేడి ముందుకి మళ్లేలా ఒక హుడ్ వేశాడు. అక్కడ టీవీ తగిలించాలన్న మా ఆయన కోరిక ఆ రోజుతో పోయింది, టీవీ పక్క గోడకి వెళ్లింది. సిటీ పర్మిట్ తీసుకున్నాం, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సంతకం పెట్టాడు. మళ్లీ వెలిగించి అరగంట ఆగితే మీటర్ 2 చూపించింది. అదే సెట్, అదే గది, అదే గ్యాస్.

గది లెక్క కూడా ఆయనే చెప్పాడు. మామూలు ఇంట్లో ప్రతి 1,000 బీటీయూకి 50 ఘనపుటడుగుల గాలి ఉండాలి. మా హాలు 20 అడుగుల పొడవు, 16 వెడల్పు, 9 ఎత్తు, అంటే 2,880. మా సెట్‌కి 1,600 చాలు, కాబట్టి సరిపోయింది. అదే సెట్‌ని 12కి 12 అడుగుల స్టడీ రూములో పెడితే 1,296 మాత్రమే, తలుపు మూస్తే చాలదు. ఆ గదిలోనే గ్యాస్‌తో నడిచే ఇంకేదైనా ఉంటే దాన్నీ లెక్కలో కలపాలి. గాలి చొరబడకుండా బిగుతుగా కట్టిన కొత్త ఇళ్లలో ఈ లెక్క కూడా నమ్మడానికి లేదు, బయటి గాలి వచ్చే దారి వేరే చూసుకోవాలి. పడకగదిలో, బాత్రూములో ఇలాంటి లాగ్ సెట్ పెట్టనే కూడదు.

అందరూ గొప్పగా చెప్పే సేఫ్టీ పైలట్ సంగతి కూడా దగ్గర నుంచి చూశాను. చిన్న నీలం మంట, రెండు పాయలుగా ఉంటుంది. ఒక పాయ సెన్సర్ కొనని తాకుతూ దాన్ని ఎర్రగా ఉంచుతుంది. గాలిలో ఆక్సిజన్ మామూలుగా 21 శాతం దాకా ఉంటుంది, అది 18 దగ్గరికి పడిపోతుంటే ఆ మంట నిలవలేక సెన్సర్ నుంచి పక్కకి తొలగిపోతుంది, కొన చల్లబడుతుంది, వాల్వ్ మూసుకుపోయి గ్యాస్ ఆగిపోతుంది. కరెంటు అక్కర్లేదు, పైలట్ వేడితోనే వాల్వ్‌కి కావాల్సిన కొద్దిపాటి కరెంటు పుడుతుంది. తెలివైన ఏర్పాటే, నాకు నచ్చింది. కానీ అది చూసేది ఆక్సిజన్‌ని, కార్బన్ మోనాక్సైడ్‌ని కాదు. మా దుంగ తప్పుగా ఉన్న రోజుల్లో ఆ పైలట్ ఒక్కసారి కూడా ఆరలేదు. సెన్సర్ ఉంది కదా భయం లేదు అని షాపువాళ్లు చెబితే అంతటితో ఆగకండి. అలాగే పైలట్ పసుపు రంగుకి తిరిగినా, మాటిమాటికీ ఆరిపోతున్నా లోపల దుమ్మో కుక్క వెంట్రుకో చేరినట్టు. ఆరింది కదా అని పదే పదే వెలిగించకుండా శుభ్రం చేయించాలి. మేం ప్రతి అక్టోబరులో చేయిస్తున్నాం.

వాడకంలో నాకు బాగా ఇబ్బందిగా అనిపించింది తేమ. గ్యాస్ కాలితే నీటి ఆవిరి వస్తుంది, మా సెట్ పూర్తి మంట మీద గంటకు లీటరు పైనే నీళ్లు గాలిలో వదులుతుంది. డిసెంబరులో గాలి పొడిగా ఉన్నప్పుడు ఒక గంట హాయిగానే ఉంటుంది, పెదాలు పగలవు. మూడు గంటలు వేస్తే కిటికీ అద్దాలకి చెమట పట్టి, ధారగా కారి, చెక్క మీద నిలుస్తుంది. మొదటి ఏడాది పట్టించుకోలేదు, ఫిబ్రవరికల్లా పూజ అలమర పక్క కిటికీ మూలల్లో నల్ల బూజు. ఇప్పుడు అద్దం చెమర్చిందంటే ఆపేయడమే.

కిటికీ ఒక అంగుళం తెరిచి వాడుతాం. దీని మీద మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఒంగోలు నుంచి మామయ్యగారు వచ్చినప్పుడు, నేను తెరిచిన కిటికీని ఆయన ప్రతిసారీ మూసేవారు. "ఏమ్మా, డబ్బులు పోసి గ్యాస్ మండిస్తూ కిటికీ తెరుచుకుని కూర్చోవడం ఏంటమ్మా?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. పొగ బయటికి పోయే దారి లేదు మామయ్యా, కాలిన గాలంతా ఇక్కడే తిరుగుతోంది అని చెప్పాను. ఆయన కాసేపు మంట వైపు చూసి, "అయితే ఇది కుంపటే కదమ్మా" అన్నారు. బాలింత గదిలో కుంపటి పెట్టినప్పుడు వాళ్లమ్మగారు తలుపు ఓరగా వేయించేవారట, పూర్తిగా మూస్తే ఊరుకునేవారు కాదట. ఆయన ఒక్క మాటలో పట్టుకున్నది ప్లంబర్ చెప్పిన దానికి ఏమీ తక్కువ కాదు. ఆ తర్వాత ఆయన చలికి శాలువా కప్పుకున్నారు కానీ కిటికీ మూయలేదు.

వాసనల సంగతి మన ఇళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. కొత్తలో సెట్‌కున్న రంగు కాలి వాసన వస్తుంది, కిటికీలన్నీ తెరిచి రెండు మూడు గంటలు మండిస్తే పోతుంది. అది కాదు నేను చెప్పేది. గదిలో గాలిలో ఏముంటే అది ఆ మంటలోంచి వెళ్లి కాలి వస్తుంది. మా వంటగది హాలుకి కలిసే ఉంటుంది. లాగ్స్ వెలుగుతుండగా ఇంగువ పోపు పెడితే హాల్లో కమ్మటి వాసన బదులు ఏదో మాడిన ఘాటు. సాంబ్రాణి వేసినా, జుట్టుకి స్ప్రే కొట్టినా, చెక్కకి పాలిష్ పెట్టినా అంతే. వంటప్పుడు ఆపేస్తాం, లేదా చిమ్నీ ఫ్యాన్ పెట్టకుండా పోపు పెట్టం. పాపకి దగ్గు, ఆయాసం వచ్చే రోజుల్లో అసలు వెలిగించం. ఆస్తమా ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఇది కొనమని నేను చెప్పను.

దీనితో ఒక రిమోట్ వస్తుంది, గది చల్లబడితే దానంతట అదే వెలిగేలా పెట్టుకోవచ్చు. ఆ మోడ్ మేం తీసేశాం. మనం లేని గదిలో మంట తనంతట తాను వెలగడం నాకు నచ్చలేదు. దాని ముందు మూడు అడుగుల మేర ఏమీ పెట్టం, ఆరబెట్టిన బట్టల స్టాండు కూడా. ముందున్న జాలీ బాగా కాలుతుంది, పసిపిల్లలుంటే ఇంకో కంచె కావాలి. రాత్రి పడుకునే ముందు ఆపేస్తాం, ఎంత చలైనా సరే. ఇది ఇంటికి అసలు హీటర్ కాదు, రెండు మూడు గంటల తోడు మాత్రమే.

ఖర్చు చెప్పమంటే, సెట్ 600 డాలర్లకి కాస్త పైన, ప్లంబర్‌కీ పర్మిట్‌కీ కలిపి దాదాపు అంతే మళ్లీ. హ్యాండీమ్యాన్‌కి ఇచ్చింది వృథా. గ్యాస్ మూడు గంటలకి ఒక థర్మ్ (లక్ష బీటీయూ, గ్యాస్ బిల్లులో వాడే కొలత) లెక్కన వేసుకోండి.

ఎవరికి బాగుంటుందంటే, సొంత ఇల్లు ఉండి, హాలు పెద్దదై, కరెంటు పోయినప్పుడు ఇంకో ఆధారం కావాలనుకునేవాళ్లకి. పోయిన జనవరిలో మా వీధికి ఒక రాత్రి కరెంటు పోతే హాల్లో పరుపులు వేసుకుని, పడుకునేదాకా దీన్ని సన్నగా పెట్టుకుని, తర్వాత ఆపేసి రజాయిలు కప్పుకున్నాం. గది తెల్లారేదాకా ఫారెన్‌హీట్‌లో 60కి (మన లెక్కలో సుమారు 16కి) దిగలేదు. ఆ ఒక్క రాత్రికి నేను దీనికి ఐదుకి నాలుగు ఇస్తాను. కాలిఫోర్నియాలో ఉన్న మా చెల్లి కూడా కొందామనుకుంది, అక్కడ ఇళ్లలో వెంట్ లేని వాటికి అనుమతి లేదు, కెనడాలోనూ అంతే. ఊరి బయట ప్రొపేన్ ట్యాంకు మీద ఉన్నవాళ్లు ప్రొపేన్ సెట్టే అడగండి, నేచురల్ గ్యాస్ సెట్‌ని ఇంట్లో మార్చుకోవడానికి ఉండదు. పైగా ప్రొపేన్ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది, గ్యాస్ లీకు అలారం పైన పెట్టి ఊరుకుంటే చాలదు. అద్దె ఇల్లయితే ఓనర్‌ని రాతపూర్వకంగా అడక్కుండా ముట్టుకోకండి. కొనేముందు మీ ఫైర్‌ప్లేస్ లోపల లేబుల్ ఫోటో తీసుకుని, హాలు మూడు కొలతలూ కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్లండి, సగం ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి.